పని ఆపడం కుదరదు, మనిషికి ఏమీ కాకూడదు: ఈ ఎండల్లో మీరు ఎలా నెట్టుకొస్తున్నారు?

స్లాబ్ మేస్త్రి

నిర్మాణ పనిలో మేస్త్రిని. సెంట్రింగ్ వాళ్లు, ఇనుము కట్టేవాళ్లు, ఇటుకా ఇసుకా మోసే ఆడవాళ్లు కలిసి నా కింద పెద్ద బృందమే ఉంది. ఇప్పుడు పై అంతస్తు స్లాబ్ పని నడుస్తోంది. నెత్తిన కప్పు లేదు, కాళ్ల కింద కాలే ఇనుము. ఎండ 43, 44 దగ్గర తిష్ఠ వేసింది. కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు నిన్న మధ్యాహ్నం చువ్వల మధ్య తూలాడు. పక్కవాడు పట్టుకోబట్టి సరిపోయింది. నీడకు తీసుకెళ్లి తల తడిపాక తేరుకున్నాడు. ఈ రోజు మళ్లీ పనికి వచ్చాడు. వాణ్ణి చూస్తే నాకే భయంగా ఉంది.

గడువు దగ్గర పడిందని కాంట్రాక్టరు పని ఆపనివ్వడు. "నీళ్లు తాగండి, జాగ్రత్తగా ఉండండి" అనే మాట అందరూ చెబుతారు. నాకు కావలసింది అది కాదు. పనిని ఎలా అమర్చుకుంటే మనుషులు దెబ్బతినకుండా ఉంటారో తెలియాలి. ఎండలో పని చేసేవాళ్లే కాదు, వేడి గదుల్లో, పొయ్యిల దగ్గర, బండ్ల మీద పని చేసేవాళ్లు కూడా మీరేం చేస్తున్నారో రాయండి.

కొలిమి

ఫౌండ్రీలో పని చేస్తాను. కరిగిన ఇనుము ముందు నిలబడేవాడికి అన్ని నెలలూ ఎండాకాలమే. మేస్త్రి గారు, ఒంటికి అలవాటు కావాలి, అంతే. కొత్తవాళ్లు మొదట్లో తూలుతారు, తర్వాత సర్దుకుంటారు. మరీ సుకుమారంగా చూసుకుంటే ఎన్నటికీ అలవాటు పడరు. నీళ్లు మాత్రం కడుపు నిండా తాగించండి.

పసుపు టోపీ

నా ఉద్యోగమే పనిచోట భద్రత చూడడం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కొలిమి గారు చెప్పిన అలవాటు నిజమే. వేడిలో పని చేయగా చేయగా ఒకటి రెండు వారాల్లో ఒళ్లు మారుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. రక్తంలో ద్రవం పెరుగుతుంది కాబట్టి అదే పనికి గుండె అంత వేగంగా కొట్టుకోవలసిన అవసరం ఉండదు. అయితే ఆ మార్పు పూర్తయ్యేలోపే మనిషిని పూర్తి పనిలోకి దించితే అలవాటు పడే అవకాశమే మిగలదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెప్పే లెక్క చూడండి: పనిచోట వేడి వల్ల జరిగే మరణాల్లో దాదాపు సగం మొదటి రోజునే జరుగుతున్నాయి. 70 శాతానికి పైగా మొదటి వారంలోనే. తూలినవాడు కొత్తవాడే కావడం యాదృచ్ఛికం కాదు, మేస్త్రి గారు.

అందుకే కొత్తవారికి ఒక పద్ధతి ఉంది. మొదటి రోజు వేడిలో చేయించే పని మామూలులో 20 శాతానికి మించకూడదు. ఆ తర్వాత రోజుకు 20 శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలి. మిగతా సమయం నీడలో చేసే పనులు ఇవ్వండి: రింగులు వంచడం, సామాను లెక్క చూడడం, కొలతలు పట్టడం. పాతవారైనా సెలవు మీద వెళ్లి వారం తర్వాత తిరిగి వస్తే ఆ అలవాటు చాలావరకు పోయి ఉంటుంది. వారికి మొదటి రోజు 50 శాతం, రెండో రోజు 60, మూడో రోజు 80, నాలుగో రోజుకు పూర్తి పని. ఎండ ఒక్కసారిగా నాలుగైదు డిగ్రీలు పెరిగిన రోజున మాత్రం అందరూ కొత్తవాళ్లే అనుకోండి.

ఆ కుర్రాణ్ణి ఈ రోజు పైకి ఎక్కించవద్దు.

లెక్కల మాస్టారు

భౌతికశాస్త్రం చెప్పే మాస్టారిని. 44 అనే అంకె గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దాన్ని నమ్ముకుని చాలామంది తప్పు లెక్క వేస్తున్నారు.

వార్తల్లో వినిపించే ఉష్ణోగ్రత నీడలోది. గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉన్న థర్మామీటరు చూపించేది. మేస్త్రి గారి మనుషులు ఉన్నది ఆ పెట్టెలో కాదు. నెత్తిన సూర్యుడు, కింద నుంచి ఇనుమూ కాంక్రీటూ విసిరే వేడి, పైగా వాళ్ల ఒంట్లో పుట్టే వేడి. కండరం ఖర్చు చేసే శక్తిలో పనిగా మారేది నాలుగో వంతు లోపే. మిగిలినదంతా వేడిగా మారుతుంది, దాన్ని ఒళ్లు బయటికి పంపాలి. చుట్టూ ఉన్న గాలి చర్మం కంటే, అంటే సుమారు 35 డిగ్రీల కంటే, వేడిగా ఉన్నప్పుడు గాలి ఆ వేడిని తీసుకోదు, తిరిగి మనకే ఇస్తుంది. ఇక మిగిలే దారి చెమట ఒక్కటే. లీటరు చెమట చర్మం మీద ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని మోసుకుపోతుంది. కారి నేల మీద పడిన చెమటతో ఏ ప్రయోజనమూ లేదు. ఆవిరైనదే చల్లబరుస్తుంది.

గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ ఆవిరి కావడమే మందగిస్తుంది. అందుకే ఉక్కపోతగా ఉన్న 36ను తేలికగా తీసుకోకూడదు. 36 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు 32 దగ్గర చూపుతుంది. ఆ తడి థర్మామీటరు 35 చూపితే మానవ శరీరం చేతులెత్తేస్తుందని 2010లో ఒక సిద్ధాంతం వచ్చింది. తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన యువతీయువకులను గదిలో ఉంచి కొలిస్తే, తేలికపాటి కదలికలకే, తడి థర్మామీటరు 31 దగ్గర ఉండగానే, వాళ్ల ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. పొడి వేడిలోనైతే ఇంకా తక్కువకే. బరువులు మోసేవాళ్లకు ఆ హద్దు మరింత కిందికి దిగుతుందని వేరే చెప్పనక్కరలేదు.

పనిచోట వేడిని కొలవడానికి వాడే సూచిక డబ్ల్యూబీజీటీ. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్లు కూలిపోతుంటే దాన్ని తయారు చేశారు. అందులో తడి థర్మామీటరుకు 70 శాతం, ఎండలో పెట్టిన నల్లని గోళం లోపలి వేడికి 20 శాతం, మామూలు ఉష్ణోగ్రతకు 10 శాతం బరువు ఇస్తారు. దీన్ని కొలిచే చిన్న పరికరాలు దొరుకుతాయి. పెద్ద పని జరిగే ప్రతి చోటా ఒకటి ఉండాలి.

పలుగూపారా

అందరూ నీళ్లు తాగించమంటున్నారు. నేను మోత పని చేసే ఆడవాళ్ల మధ్య తిరిగే మనిషిని. మేస్త్రి గారు, మిమ్మల్ని ఒకటే అడుగుతాను. మీ పనిచోట ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా?

లేకపోతే వాళ్లు నీళ్లు తాగరు. మీరు ఎన్ని కుండలు పెట్టినా తాగరు. పొద్దున ఇంటి దగ్గర బయలుదేరే ముందే తాగడం ఆపేస్తారు, సాయంత్రం ఇంటికి చేరాకే మళ్లీ తాగుతారు. ఇది వాళ్ల అజ్ఞానం కాదు. వెళ్లడానికి చోటు లేనప్పుడు వాళ్లకు మిగిలిన దారి అదొక్కటే. నెలసరి రోజుల్లో పరిస్థితి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు, తలనొప్పి, కళ్లు తిరగడం, అన్నీ భరిస్తూ తట్ట మోస్తారు. అడిగితే "అలవాటే" అంటారు. కొలిమి గారూ, మీరు అన్న అదే మాట.

తలుపూ గడియా ఉన్న ఒక గది, అందులో నీళ్లు. వేడి నుంచి ఆడవాళ్లను కాపాడే పరికరాల్లో మొదటిది అదే. నీళ్ల డ్రమ్ము దాని తర్వాత. గర్భిణులు ఎవరైనా ఉంటే వారిని ఎండ పని నుంచి పూర్తిగా తప్పించండి. విపరీతమైన వేడికి నెలలు నిండకుండా కాన్పు కావడం, కడుపులోనే బిడ్డ పోవడం ఎక్కువవుతున్నాయని వైద్యులు చెబుతున్నారు. అయితే తప్పించడం అంటే కూలీ లేకుండా ఇంటికి పంపడం కాదు. నీడలో పని చూపించాలి.

స్లాబ్ మేస్త్రి

పలుగూపారా గారు, మగవాళ్లకూ ఆడవాళ్లకూ కలిపి ఒకటే ఉంది, అదీ కింద గేటు పక్కన. పై అంతస్తు నుంచి దిగి వెళ్లి రావాలి. మీరు అన్నది నిజమే, ఆడవాళ్లు అటు వెళ్లడం నేను పెద్దగా చూడలేదు. పై అంతస్తుకు దగ్గరలో వాళ్లకు వేరుగా ఒకటి పెట్టించే మాట మాట్లాడతాను.

నిన్నటిలాంటిది మళ్లీ జరిగితే ఏం చేయాలో ఎవరైనా సరిగ్గా చెప్పండి. ఒకరు ముఖం మీద నీళ్లు కొట్టమంటారు, ఒకరు వద్దంటారు, ఇంకొకరు జ్వరం మాత్ర వేయమంటారు.

రాత్రి డ్యూటీ

ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సును. ఈ భాగం దయచేసి మీ మనుషులందరికీ చదివి వినిపించండి.

తలనొప్పి, వికారం, విపరీతమైన చెమట, నీరసం, కండరాలు పట్టేయడం: ఇవి వేడికి అలసిపోయిన గుర్తులు. నీడకు తీసుకెళ్లి, బట్టలు వదులు చేసి, ఒళ్లు తడిపి, విసిరి, నెమ్మదిగా నీళ్లు తాగిస్తే అరగంటలో తేరుకోవాలి. తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తేరుకున్నా ఆ రోజుకు పని లేదు.

వడదెబ్బ వేరు. అది మెదడులో కనిపిస్తుంది. మాట తడబడడం, పేరు అడిగితే పొంతన లేని జవాబు, కారణం లేకుండా కోపం, తాగినవాడిలా నడక, ఫిట్స్, స్పృహ తప్పడం. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. ఒళ్లు పొడిగా ఉంటేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. అది ఇంట్లో ఉండి దెబ్బ తిన్న పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే గుర్తు. పని చేస్తూ పడిపోయినవాడి ఒళ్లు చెమటతో తడిసి ముద్దై ఉండవచ్చు. చెమట పడుతోంది కదా, పరవాలేదు అని వదిలేసినవాళ్లను మా దగ్గరికి ఆలస్యంగా తీసుకొస్తారు.

ఏం చేయాలంటే, అంబులెన్సుకు ఫోను చేస్తూనే చల్లబరచడం మొదలుపెట్టాలి. బండి వచ్చేదాకా ఆగకూడదు. లోపలి వేడిని మొదటి అరగంటలో దించగలిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ. ఆ తర్వాత గడిచే ప్రతి నిమిషం మెదడుకూ కాలేయానికీ మూత్రపిండాలకూ చేటు. అన్నిటికంటే బాగా పనిచేసేది చల్లటి నీటిలో మెడదాకా ముంచడం. తొట్టి లేకపోతే మీ దగ్గర టార్పాలిన్ ఉంటుంది కదా? మనిషిని దాని మీద పడుకోబెట్టి, నలుగురు అంచులు పైకెత్తి పట్టుకుని, మధ్యలో చల్లటి నీళ్లు, దొరికితే ఐసు పోసి, నీళ్లు ఒంటి మీదుగా అటూ ఇటూ ఆడేలా కదిలించాలి. తల మాత్రం పైకి ఉండాలి. అదీ కుదరకపోతే బకెట్లతో పోస్తూనే ఉండండి, అట్టలతో విసరండి, మెడకూ చంకలకూ గజ్జలకూ ఐసు పెట్టండి. స్పృహ సరిగ్గా లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

జ్వరం మాత్ర వద్దు. జ్వరంలో మెదడే ఒంటి వేడి హద్దును పెంచుతుంది, మాత్ర ఆ హద్దును దించుతుంది. వడదెబ్బలో హద్దు మామూలుగానే ఉంటుంది, ఒళ్లు దాన్ని దాటిపోయింది. అక్కడ పారాసిటమాల్ చేసేది ఏమీ లేదు. పైగా అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద భారం.

మూడో అంతస్తు

నేను ఇంటి నుంచి కంప్యూటర్ మీద పని చేస్తాను. పై అంతస్తులో, నేరుగా డాబా కింద ఉంటాం. పగటి కంటే రాత్రి ఎక్కువ బాధగా ఉంటోంది. పదకొండు దాటినా గోడను ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. అమ్మకు డెబ్బై దాటాయి, రక్తపోటుకు మందులు వాడుతుంది. దాహం వేయడం లేదంటుంది, రోజంతా ఫ్యాను కింద కూర్చుంటుంది. ఏసీ పెట్టించే స్తోమత ఇప్పుడు లేదు. ఫ్యాను వేడి గాలి కొడుతోంది. వేయాలా, ఆపాలా?

లెక్కల మాస్టారు

మీరు అడిగిన ప్రశ్నకు జవాబు గదిలోని థర్మామీటరు చెబుతుంది. ఒకటి గోడకు తగిలించండి. 40 కంటే తక్కువ ఉన్నప్పుడు ఫ్యాను మేలు చేస్తుంది. 40 దాటితే అది ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక. పెద్దవాళ్లకు చెమట తక్కువ పడుతుంది కాబట్టి వారికి కొన్ని డిగ్రీలు ముందే జాగ్రత్త పడాలి. ఒళ్లు తడిపి ఫ్యాను వేస్తే లెక్క మారుతుంది. చెమట చేయలేని పని ఆ నీళ్లు చేస్తాయి. చేతులు, మెడ, కాళ్లు తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి, పలుచటి పైబట్ట తడిపి కప్పండి.

ఇక గోడ సంగతి. కాంక్రీటు పగలంతా వేడిని తాగి, రాత్రి దాన్ని లోపలికి వదులుతుంది. కాబట్టి అది తాగకముందే ఆపాలి. డాబాకు తెల్లటి సున్నమో వేడిని వెనక్కి తిప్పే పూతో వేయండి. కిటికీకి లోపల కట్టిన తెర ఎండను గదిలోకి వచ్చాక ఆపుతుంది, బయట కట్టిన తడకో గుడ్డో రాకముందే ఆపుతుంది. బయట కట్టండి. బయటి గాలి లోపలి కంటే వేడిగా ఉన్నంతసేపూ కిటికీలు మూసి ఉంచి, రాత్రి బయట చల్లబడగానే ఎదురెదురుగా అన్నీ తెరవండి. ఎక్కువమంది దీన్ని తారుమారుగా చేస్తారు.

నీళ్ల కూలరు కొనే ఆలోచన ఉంటే పొడి వేడికి అది చక్కటి సాధనం. కిటికీ తెరిచి ఉంచి వాడాలి. గది మూసి వాడితే గాలిలో తేమ నిండి ఉక్కపోత మిగులుతుంది. ఎప్పుడైనా ఏసీ పెట్టించుకుంటే 27 దగ్గర ఉంచి ఫ్యాను కూడా వేయండి. ఫ్యాను గాలికి గది మరో నాలుగు డిగ్రీలు చల్లగా అనిపిస్తుంది, కరెంటు ఎంతో మిగులుతుంది.

రాత్రి డ్యూటీ

మూడో అంతస్తు గారు, మీ అమ్మగారి సంగతి గదికంటే ముఖ్యం. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. అందుకే దాహం వేసినప్పుడు తాగుతాలే అంటే కుదరదు. గంట గంటకూ మీరే అందించండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉండి నీళ్లకు పరిమితి పెట్టినవారికి మాత్రం ఆ లెక్క వైద్యుడే చెప్పాలి. రక్తపోటు మందుల్లో మూత్రం ఎక్కువ చేసేవి ఉంటాయి, గుండె వేగాన్ని తగ్గించేవి ఉంటాయి. ఇవి వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. కొన్ని అలర్జీ మందులు, మానసిక వ్యాధుల మందులు చెమటనే తగ్గిస్తాయి. సొంతంగా ఏదీ ఆపవద్దు. ఎండలు ముదిరాయి, మోతాదు చూడండి అని వైద్యుణ్ణి అడగండి, చాలామంది అడగనే అడగరు. ఇన్సులిన్ వాడేవారు ఎవరైనా చదువుతుంటే, అది కిటికీ పక్కనా బండి పెట్టెలోనా ఉండకూడదు.

ఇంకొకటి. 1995లో షికాగోలో వేడిగాలులకు 700 మందికి పైగా చనిపోయారు. అందులో పెద్దవాళ్లు, ఒంటరిగా ఉన్నవాళ్లు, పై అంతస్తుల్లో తలుపులు బిగించుకుని ఉన్నవాళ్లు ఎక్కువ. 2003లో యూరప్‌లో 70,000 మందికి పైగా పోయినప్పుడూ వృద్ధులే ఎక్కువ. మీ అమ్మగారికి మీరు ఉన్నారు. మీ భవనంలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే రోజుకు రెండుసార్లు తలుపు తట్టండి. మిట్టమధ్యాహ్నం కింది అంతస్తులో ఎవరింట్లోనైనా రెండు మూడు గంటలు కూర్చోబెట్టగలిగితే అది ఏ మందుకన్నా మేలు.

రెండు చక్రాలు

బండి మీద పార్శిళ్లు చేరవేసేవాణ్ణి. నడిచే బండి మీద గాలి తగులుతుంది కదా, నీకేం అంటారు. 42 డిగ్రీల గాలి ముఖాన కొడితే అది చల్లబరచదు, లోపలి నీరు పీల్చేస్తుంది. చెమట కనిపించదు కాబట్టి ఎంత పోయిందో తెలియదు. నేను చేసేది: పూర్తి చేతుల పలుచటి నూలు చొక్కా, మెడకు తడిగుడ్డ, దాన్ని ప్రతి ఆగుదలలో మళ్లీ తడపడం. హెల్మెట్ తీయను, లోపల తడిపిన పలుచటి టోపీ పెడతాను. ఫోను ఎండలో తగిలించి చార్జింగ్ పెట్టను. బ్యాటరీ వేడెక్కితే చార్జింగ్ ఆగిపోతుంది, బ్యాటరీ కూడా పాడవుతుంది.

అసలు బాధ వేరు. ఆగితే ఆదాయం ఆగుతుంది. ఎన్ని చేరవేస్తే అంత అనే లెక్కలో మిట్టమధ్యాహ్నం ఎవరు ఆగుతారు? ఆ వేళలోనే ఆర్డర్లు ఎక్కువ, ఎందుకంటే మిగతావాళ్లు ఎవరూ బయటికి రారు.

పలుగూపారా

రెండు చక్రాలు గారు సరైన చోట వేలు పెట్టారు. పని కొద్దీ కూలీ అన్నప్పుడు విశ్రాంతి తీసుకునే స్వేచ్ఛ మనిషికి ఉండదు. "అలసిపోతే కూర్చోండి" అని పైనుంచి చెప్పి, కూర్చున్నంతసేపూ కూలీ కోసేస్తే ఆ మాటకు అర్థం లేదు.

కొలిమి

నా మాటను ఇద్దరు ముగ్గురు పట్టుకున్నారు కాబట్టి మా ఫౌండ్రీలో నిజంగా ఎలా జరుగుతుందో చెబుతాను. నేను అలవాటు అన్నది ఊరికే నిలబడడం గురించి కాదు. కొలిమి ముందు ఎవరూ పూటంతా నిలబడరు. జతలుగా పని చేస్తాం. ఒకరు వేడి దగ్గర ఉంటే రెండోవాడు వెనక చల్లటి చోట ఉండి అతణ్ణే చూస్తుంటాడు, కొద్దిసేపటికి మారతారు. ఒంటరిగా ఎవరినీ పంపరు. వేడికి బుద్ధి మందగించినవాడికి తనకు మందగించిందని తెలియదు, ఎదుటివాడే చూసి చెప్పాలి. కొలిమికీ మనిషికీ మధ్య మెరిసే అల్యూమినియం రేకు అడ్డు పెడతాం. వేడి గాలి ద్వారానే కాదు, వెలుతురులా నేరుగా వచ్చి తగులుతుంది. మెరిసే రేకు దాన్ని వెనక్కి తిప్పుతుంది. పెద్ద పొయ్యిల ముందు వంట చేసేవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

కొత్తవాళ్లకు మెల్లగా పెంచాలన్న పసుపు టోపీ గారి మాట ఒప్పుకుంటున్నాను. మా దగ్గర కాగితం మీద లేకపోయినా పాతవాళ్లు చేసేది అదే.

మేస్త్రి గారు, చువ్వల పనికి తోలు చేతొడుగులు ఇప్పించండి. ఎండలో పడి ఉన్న ఇనుము 60 డిగ్రీలు దాటుతుంది, కొన్ని సెకన్లలో చర్మం కాలుతుంది. కట్ట మీద టార్పాలిన్ కప్పి ఉంచి, కావలసినన్నే బయటికి తీయండి.

స్లాబ్ మేస్త్రి

ఎంత మేలు చేశారో మాటల్లో చెప్పలేను. నాకు ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. నీళ్లు ఎంత, ఎప్పుడు? ఉప్పు కలపాలా? రెండోది, పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం ఆపితే గడువు తప్పుతుందని కాంట్రాక్టరు అంటాడు. ఆయనకు ఏం చెప్పాలి?

పసుపు టోపీ

నీళ్లు: ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే పావు లీటరుకు కాస్త తక్కువ. దాహం కోసం ఆగకూడదు. అలాగని గంటకు సుమారు 1.4 లీటర్లు దాటించవద్దు. కడుపు నిండా నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలుచబడి అదే ప్రాణం మీదికి తెస్తుంది, ఆ గుర్తులు కూడా తలనొప్పి, వాంతి, అయోమయమే. మామూలుగా వేళకు భోజనం చేసేవారికి ఉప్పు అందులోనే అందుతుంది. గంటల తరబడి చెమట కారే పనికి మాత్రం మధ్యమధ్య ఓఆర్ఎస్ ఇవ్వండి. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలవాలి. ఉప్పు బిళ్లలు వద్దు. నీళ్లు సరిపోతున్నాయా లేదా అన్నది మూత్రం రంగు చెబుతుంది: లేత పసుపు అయితే సరే, ముదురు రంగైతే చాలడం లేదు. డ్రమ్ము కింద ఉంటే ఎవరూ దిగరు, పని జరిగే అంతస్తులోనే నీడలో పెట్టండి.

ఇక కాంట్రాక్టరు. ఆయనకు మనుషుల గురించి చెప్పే ముందు కాంక్రీటు గురించి చెప్పండి. మిట్ట ఎండలో పోసిన కాంక్రీటు పైనుంచి నీరు త్వరగా ఆవిరై, గట్టిపడకముందే పగుళ్లు వస్తాయి. వేసవిలో పోసే కాంక్రీటు వేడికి నిబంధనల్లోనే హద్దులు ఉంటాయి. స్లాబ్ పోత సాయంత్రం చల్లబడ్డాకో తెల్లవారుజామునో పెట్టుకోవడం ఇంజనీరుకూ ఇష్టమే. లైట్లు, కంచె, జారకుండా నడిచే దారి సరిగ్గా ఉండాలి. రాత్రి పోతలో ఉన్నవాళ్లను పగలు మళ్లీ పనికి పిలవకూడదు. వేడికి దెబ్బతిన్న ఒళ్లు కోలుకునేది నిద్రలోనే, అదీ చల్లటి చోట. మీ కూలీలు రేకుల గుడారాల్లో ఉంటుంటే ఆ పైకప్పుల సంగతి కూడా చూడండి. రాత్రంతా ఉడికిన మనిషి పొద్దున పనికి వచ్చేసరికే సగం అలసిపోయి ఉంటాడు.

మధ్యాహ్నం ఆపితే పని పడిపోతుందన్న భయానికి ఎల్ సాల్వడార్ చెరకు కూలీల అనుభవం సమాధానం. మధ్య అమెరికాలో చెరకు కోసే యువకులకు వేల సంఖ్యలో మూత్రపిండాలు పాడవుతుంటే, వేడిలో ఆగకుండా చేసే శ్రమ, ఒంట్లో నీరు తగ్గడం ప్రధాన కారణాలన్న అనుమానం బలపడింది. 2015 కోతకాలంలో ఒక చోట నీళ్లు, నీడ, వేళకు విశ్రాంతి ఏర్పాటు చేసి చూశారు. మనిషి రోజుకు కోసే చెరకు 5.1 టన్నుల నుంచి 7.3 టన్నులకు పెరిగింది. కత్తి, కోత తీరు కూడా మెరుగుపరిచారు కాబట్టి పెరుగుదల అంతా విశ్రాంతి వల్లనే అనను. విశ్రాంతి ఇచ్చినందుకు పని తగ్గలేదన్నది మాత్రం ఖాయం. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా బయటి పని నిషేధం. మాస్టారు చెప్పిన డబ్ల్యూబీజీటీ సూచిక 32.1 దాటితే ఏ వేళలోనైనా పని ఆపాల్సిందే. అక్కడా భవనాలు లేస్తూనే ఉన్నాయి.

స్లాబ్ మేస్త్రి

మాట్లాడి వచ్చాను. ఇంజనీరు కూడా పక్కన ఉన్నాడు, కాంక్రీటు మాట అనగానే ఆయనే అందుకున్నాడు. స్లాబ్ పోత తెల్లవారుజాముకు మారింది. మిగతా పని సూర్యోదయానికి ముందే మొదలై పదకొండుకు ఆగుతుంది, మళ్లీ నాలుగు తర్వాత మొదలవుతుంది. ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి పై అంతస్తుకు ఒక అంతస్తు కిందే పెడుతున్నారు. నీడకు ఆకుపచ్చ వల తెప్పించాను. టార్పాలిన్ ఒకటి, నీళ్ల డ్రమ్ము ఒకటి విడిగా పెట్టి, ఇవి వడదెబ్బకే, వేరే దేనికీ ముట్టుకోవద్దని చెప్పాను. జతలు కట్టాను. కొత్త కుర్రాడు కింద రింగులు వంచుతున్నాడు.

ఒప్పుకోనిది ఒక్కటి. మధ్యమధ్య ఇచ్చే విశ్రాంతికి కూలీ కట్టనంటున్నాడు. ఇనుము కట్టేవాళ్లకు బరువు లెక్కన ఇస్తాం, కాబట్టి వాళ్లు ఇప్పుడు విశ్రాంతికి పిలిచినా రావడం లేదు.

పలుగూపారా

రారు మరి. కూలీ లేని విశ్రాంతికి పిలిస్తే అది వాళ్లకు ఆకలికి పిలిచినట్టే. ఈ ఎండలు తగ్గేదాకా బరువు లెక్క పక్కన పెట్టి, ఇనుము వాళ్లందరికీ రోజు కూలీ కట్టమనండి. వాళ్లు మామూలు రోజుల్లో సగటున సంపాదించేదాన్నే రోజు కూలీగా లెక్కించాలి, తగ్గించి కాదు. విశ్రాంతి వేళ గంట కొట్టి అందరినీ ఒకేసారి దింపండి. ఒక్కడే దిగితే వాడికి చిన్నతనంగా ఉంటుంది, పక్కవాడు మిగిలిపోతే మర్నాడు వీడూ దిగడు. ఈసారి కాంట్రాక్టరు దగ్గరికి మీరు ఒక్కరే వెళ్లకండి, ఇనుము వాళ్లలో ఇద్దరినీ మోత పని ఆడవాళ్లలో ఒకరినీ తీసుకెళ్లండి. పడిపోయిన మనిషిని ఆసుపత్రికి మోసుకెళ్లిన రోజు ఎన్ని చేతులు పని ఆపేస్తాయో, ఆ లెక్క వాళ్లే ఆయనకు చెప్పగలరు.

స్లాబ్ మేస్త్రి

రేపు పొద్దున పోత అయ్యాక ఇంజనీరు కూడా ఉంటాడు. అప్పుడే తీసుకెళతాను. ఏమన్నాడో ఇక్కడే రాస్తాను.